ఓడరేవు జైల్లో ఒకరు

పొద్దున ఎనిమిదిన్నరకి వాన కొలవడం సుహాసిని ఉద్యోగంలో మొదటి పని. తహసీల్దారు కార్యాలయం వెనక, గోడకి దూరంగా వర్షమాపకం ఉంటుంది. అందులో చేరిన నీళ్లని గాజు కొలపాత్రలో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో రిజిస్టర్లో రాసి, శ్రీకాకుళం పంపాలి. వాన పడని రోజు సున్నా రాయాలి. గడి ఖాళీగా వదలకూడదు. పాతపట్నానికి అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసరుగా వచ్చి పదకొండేళ్లయింది. ఇన్నేళ్లలో ఆమె ఒక్క గడీ ఖాళీగా వదల్లేదు.

నెలకోసారి, పదో తేదీ దాటాక, ఆమె ఇంకో అంకె చూసేది. అది ఉద్యోగంలో పని కాదు. పొద్దుటి లెక్క పంపేశాక ఫోన్లో ఒక దీవి దేశపు జైళ్ల శాఖ పేజీ తెరిచేది. ఓడరేవు జైలు, ఖైదీలు, దేశాలవారీగా. భారతదేశం అన్న వరుసలో 1 ఉండేది. అది చూసి వెంటనే మరదలు షీబాకి ఫోన్ చేసేది.

"ఉన్నాడు."

"ఒకటేనా వదినా?"

"ఒకటే."

షీబా ఫోన్ పెట్టేసేది. పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆమె నర్సు. డ్యూటీలో ఎక్కువసేపు మాట్లాడనివ్వరు.

ఆ ఒకటి ఇమ్మానుయేలు. షీబా భర్త, సుహాసిని తమ్ముడు.

2022 అక్టోబరులో విశాఖపట్నంలో ఒక ఏజెంటు అతన్ని టగ్ మీద ఫిట్టరుగా పంపాడు. టగ్ అంటే పెద్ద ఓడల్ని లాగే చిన్న ఓడ. నెల తిరక్కుండానే ఆ దీవి దగ్గర కస్టమ్స్ వాళ్లు దాన్ని ఆపారు. కాగితాల్లో లేని డీజిలు అడుగు ట్యాంకులో దొరికింది. ఓడలో ఉన్న తొమ్మిది మందినీ జైల్లో పెట్టారు. అందులో భారతీయుడు ఇతనొక్కడే. నవంబరు ఇరవై రెండున మొదటి ఫోన్ వచ్చింది.

"అక్కా, నాకేటీ తెలీదే. నాను ఇంజను కాడ ఉన్నాను. ఆ డీజిలు ఎవులెక్కించినారో, ఎప్పుడెక్కించినారో దేవుడికే తెలవాల."

ఫిబ్రవరి వరకు నాలుగుసార్లు మాట్లాడాడు. ఆఖరిసారి, "ఇక్కడ పెద్దాయన మారినాడక్కా. ఇకమీద బయటి దేశాలకి ఫోను ఇవ్వరంట. అమ్మకి సెప్పు, బానే ఉన్నానని" అన్నాడు. తర్వాత ఫోన్ లేదు. ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. ఆ దీవిలో మన రాయబార కార్యాలయం లేదు. పక్క దేశంలో ఉన్నవాళ్లే దీవి పనులూ చూస్తారు. వివరాలు అడిగామనీ, రాగానే తెలియజేస్తామనీ వాళ్ల దగ్గర్నుంచి రెండు మెయిళ్లు వచ్చాయి. ఏజెంటు మాత్రం జూలైలో వేరే మాట చెప్పాడు.

"మీవోణ్ని ఎప్పుడో వదిలీసినారమ్మా. ఇంకో ఓడెక్కీసినాడు. సముద్రంలో సిగ్నలేటుంటాది?"

షీబా రెండు వారాలు ఆ మాట నమ్మింది. బీరువాలోంచి ఇమ్మానుయేలు చొక్కాలు తీసి ఉతికింది, ఇస్త్రీ చేయించింది.

ఆ ఆగస్టులో విజయనగరంలో గణాంక సిబ్బందికి మూడు రోజుల శిక్షణ జరిగింది. రెండో రోజు భోజనాల దగ్గర శృంగవరపుకోట నుంచి వచ్చిన ఈశ్వర్ సుహాసిని పక్కన కూర్చున్నాడు. తమ్ముడి సంగతి విని, తినడం ఆపి ఫోన్ తీశాడు.

"మేడం, పెపంచంలో ఏ దేశం జైళ్లల్లో ఎంతమందున్నారో ఒక్కసోట పెట్టినారు, సూడండి. తాళం లేదు, పాస్‌వర్డు లేదు. ఎవులైనా సూడొచ్చు."

"దీన్తో ఎవులికేటి పని?"

"నాకు తెలీదు. నాకు లెక్కలంటే సరదా, సూత్తుంటాను. మనకంటే అమెరికావోల్ల జైళ్లల్లో ఎక్కువమందున్నారు, తెలుసా మీకు?"

సుహాసిని దీవి పేరు కొట్టింది. మొత్తం ఖైదీలు ఎందరో, అందులో విదేశీయులు వందకి ఎందరో వచ్చింది. అడుగున ఆధారం అని ఒక లంకె ఉంది. దాన్ని నొక్కితే దీవి జైళ్ల శాఖ సొంత పేజీ తెరుచుకుంది. 2019 నుంచి నెలనెలా పట్టికలున్నాయి, జైలువారీగా, దేశంవారీగా. ఓడరేవు జైలు, 2022 అక్టోబరు: భారతదేశం 0. నవంబరు: 1. డిసెంబరు: 1. ఆమె ఒక్కో నెలా తెరుచుకుంటూ వచ్చింది. 2023 జూలై: 1.

విస్తరి ముందు కూర్చునే షీబాకి ఫోన్ చేసింది. ఏజెంటు చెప్పింది అబద్ధమని చెప్పింది. అవతల షీబా ఏడ్చింది. మొగుడు జైల్లోనే ఉన్నాడని తెలిసి ఏడ్చిందో, ప్రాణాలతో ఉన్నాడని తెలిసి ఏడ్చిందో సుహాసిని అడగలేదు.

ఊరికే నమ్మడం సుహాసినికి అలవాటు లేదు. ఆ వారమంతా పట్టికల్లో అడ్డం వరుసలూ నిలువు వరుసలూ కూడింది. నాలుగున్నరేళ్లలో రెండు నెలల్లో మొత్తం సరిపోలేదు. ఆ రెండుసార్లూ మరుసటి నెల పట్టిక కింద, కిందటి నెల తప్పు దొర్లింది, సరిచేశామని రాసి ఉంది. అది చదివాక ఆమెకి నమ్మకం కుదిరింది. అక్కడ ఎవరో కూర్చుని కూడుతున్నారు. తప్పు వస్తే తప్పని రాస్తున్నారు. ఈ భూమ్మీద తన తమ్ముడి గురించి తమకి నిజం చెబుతున్నది ఆ ఒక్క మనిషే అనుకుంది.

అలా పది నెలలు గడిచాయి. నెలకో ఒకటి.

షీబా అత్తగారితోనే ఉండేది, పాతపట్నానికి ఆరు కిలోమీటర్ల దూరంలోని ఊళ్లో. అత్తగారు అప్పలమ్మకి డెబ్బై ఒకటి. సుహాసిని సెలవు రోజుల్లో వెళ్లేది.

"ఏటే, మీవోడి రిజల్టొచ్చిందా?" అని అడిగేది అప్పలమ్మ గుమ్మంలోనే.

"వచ్చిందమ్మా. ఒకటి."

"బళ్లో సదివినన్నాళ్లూ ముండాకొడుకు ఒక్కసారైనా ఒకటి తేలేదు. ఇప్పుడు సూడు, నెలనెలా ఒకటే!"

షీబా నవ్వేది. నవ్వి వంటింట్లోకి వెళ్లిపోయేది.

2024 జూన్‌లో ఒక ఆదివారం అప్పలమ్మ ఆ మాట అనలేదు. వరండాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఒసే సుహా, ఆ ఒకటి మనోడేనని ఎవులు సెప్పినారే?"

"ఎవులూ సెప్పలేదమ్మా. నవంబర్లో ఈడెల్లినాడు, నవంబర్లోనే ఒకటి పడింది."

"అప్పుడు మనోడే, కాదన్ను. ఇప్పుడో? మనోడు పోయి ఇంకోడొచ్చినా ఒకటే గదే పడతాది?"

ఆ సందేహం సుహాసినికి మొదటి నెల నుంచీ ఉంది. ఎవరికీ చెప్పలేదు. తల్లి నాలుగో తరగతి చదివింది. పది నెలలకి అక్కడికే వచ్చింది. షీబా చేతిలో గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి విన్నది.

"అవునా వదినా?" అంది.

"అవ్వొచ్చు."

"మరి తెలుసుకోడం ఎలాగ?"

పట్టిక కింద ఒక మెయిలు ఉంటుంది, సందేహాలుంటే రాయమని. సుహాసిని మూడు రోజులు కూర్చుని ఉత్తరం రాసింది. అధికారులకి ఏది రాసినా ఆధారాలతో రాయాలని ఆమెకి అలవాటు. తమ్ముడి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు రాసింది. ఓడరేవు జైల్లో మీరు చూపిస్తున్న ఒక భారతీయుడు ఇతనేనా, ఔనో కాదో చెబితే చాలు అని రాసింది. అక్కడితో ఆపలేదు. తనది ఆషామాషీ ప్రశ్న కాదని వాళ్లకి తెలియాలనుకుంది. మీ మూడో పట్టికలో దేశం, అయిదో పట్టికలో వయసు, ఏడో పట్టికలో నేరం ఉన్నాయి, ఈ మూడూ పక్కపక్కన పెడితే ముప్పై, ముప్పై నాలుగేళ్ల మధ్య, కస్టమ్స్ కేసులో, విచారణ ఇంకా పూర్తికాని ఒక భారతీయుడు తేలుతున్నాడు, మా తమ్ముడి వివరాలు వీటితో సరిపోతున్నాయి అని మెట్టుమెట్టుగా వివరించింది. నెలలవారీగా అనుబంధం కూడా జత చేసింది.

తొమ్మిదో రోజుకి జవాబు వచ్చింది. అంత తొందరగా వస్తుందని ఆమె అనుకోలేదు. కింద అక్కడి గణాంక అధికారి సంతకం ఉంది. మీ కుటుంబానికి కలిగిన కష్టానికి విచారిస్తున్నాను, అయితే ఏ ఒక్క ఖైదీ వివరమూ బయటికి చెప్పడానికి మా చట్టం ఒప్పుకోదు అని మొదటి పేరా. రెండో పేరా: మా పట్టికల నుంచి ఒక వ్యక్తిని గుర్తుపట్టడం సాధ్యమని మీ ఉత్తరం వల్ల మాకు తెలిసింది. ఈ లోపాన్ని మా దృష్టికి తెచ్చినందుకు కృతజ్ఞతలు. తగిన చర్య తీసుకుంటాం.

సుహాసిని ఆ రెండో పేరా నాలుగుసార్లు చదివింది. ఏ చర్యో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె కూడా అదే చేసింది ఒకప్పుడు. మూడేళ్ల కిందట ఇంటింటి సర్వేలో ఒక గూడెంలో మరుగుదొడ్డి లేని ఇల్లు ఒక్కటే తేలింది. ఆ ఇంటావిడ సుహాసిని చెయ్యి పట్టుకుని, "ఒకటని రాసినావంటే మాదేనని ఊరందరికీ తెలిసిపోద్దమ్మా" అంది. సుహాసిని ఆ గూడేన్ని పక్క ఊరి లెక్కలో కలిపేసింది. అలా చేయడమే సరైన పద్ధతి. ఆ దీవిలో అధికారి కూడా సరైన పద్ధతే పాటిస్తాడు. అతన్ని తిట్టుకోవడానికి ఆమెకి ఒక్క కారణమూ కనబడలేదు.

ఇంట్లో అడిగితే, చెప్పడానికి వాళ్ల చట్టం ఒప్పుకోదంట అని మొదటి పేరా చెప్పింది. రెండోది చెప్పలేదు.

జూన్ నెల పట్టిక జూలై పదకొండో తేదీన వచ్చింది. భారతదేశం అన్న వరుసలో అంకె లేదు, చుక్క గుర్తు ఉంది. బర్మా వరుసలో అదే. ఫిలిప్పీన్స్ వరుసలో అదే. మొత్తం ఏడు దేశాలకి చుక్కలు. కింద రాసి ఉంది: అయిదుగురి కంటే తక్కువ ఉన్నచోట, వ్యక్తుల గోప్యత కోసం సంఖ్య చూపడం లేదు. ఆమె కిందటి నెల పట్టిక తెరిచింది. అందులోనూ చుక్కలే. 2022 నవంబరు తెరిచింది. చుక్క. పాతవన్నీ మార్చి పెట్టారు.

షీబా తనే ఫోన్ చేసింది.

"వదినా, పదకొండు దాటిపోయింది. రాలేదా?"

"వచ్చింది."

"మరి?"

"అంకెలు మార్చీసినారు షీబా. తక్కువమంది ఉన్నకాడ ఇకమీద ఎయ్యరంట. సుక్క పెడతారంట."

"సుక్కంటే ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టే. సున్నా అయితే సున్నాయే ఏస్తారు." చెప్పాక ఆగి, "అలాగని రాసి లేదనుకో" అంది.

"ఎందుకు మార్చినారు? ఇన్నాళ్లూ బానే ఏసినారు గదా."

సుహాసిని ఆ సాయంత్రం బస్సెక్కి ఊరికి వెళ్లింది. ఉత్తరంలో ఏం రాసిందీ, రెండో పేరాలో ఏముందీ ఇద్దరికీ చెప్పింది. అప్పలమ్మ అంతా విని, "నీ తెలివి తగలెయ్య! పేరడిగీసి ఊరుకోలేకపోయినావా? ఆళ్లకి లెక్కలు నేర్పడానికి ఎల్లినావేటే?" అంది. షీబా, "మిగతా ఆరు దేశాలోల్ల ఇల్లల్లో కూడా ఇలాగే సూసుకుంటన్నారేమో వదినా" అంది. సుహాసిని ఆ మాట అప్పటిదాకా అనుకోలేదు.

మళ్లీ మెయిలు రాసింది. మా కుటుంబానికి అభ్యంతరం లేదు, అతని అంకె చూపించండి అని రాసింది. నియమం అందరికీ ఒకటేననీ, ఖైదీ తరఫున మరొకరు అనుమతి ఇవ్వడం కుదరదనీ జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. రాయబార కార్యాలయానికి మళ్లీ రాసింది. ఇంకా వివరాలు అందలేదని వచ్చింది.

అప్పుడు ఆమె తీసివేతలు మొదలుపెట్టింది. చుక్కలు పెట్టినా జైలు మొత్తం ఇస్తున్నారు. పెద్ద అంకెలు ఇస్తున్నారు. జూలైలో వచ్చిన పట్టికలో జైలు మొత్తం 212. దీవి వాళ్లు 187. పక్క దేశం వాళ్లు 14. మిగిలింది పదకొండు. చుక్కల కింద ఉన్న ఏడు దేశాలకీ కలిపి పదకొండుగురు. పాత పట్టిక ఆమెకి కంఠతా వచ్చు. ఫిలిప్పీన్స్ మూడు, బర్మా రెండు, భారతదేశం ఒకటి, మిగతా నాలుగు దేశాలవాళ్లు అయిదుగురు. పదకొండు. ఎవరూ కదల్లేదు. షీబాకి ఫోన్ చేసి చెప్పింది. షీబా ఆస్పత్రి మెట్ల మీద నిలబడి మూడుసార్లు చెప్పించుకుంది.

తర్వాతి పట్టిక ఆగస్టు పన్నెండో తేదీ సోమవారం వచ్చింది. మొత్తం 219. దీవి వాళ్లు 193. పక్క దేశం వాళ్లు 16. సుహాసిని కాగితం మీద తీసివేసింది. ఫోన్లో తీసివేసింది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు దగ్గర కాలిక్యులేటరు తీసుకుని తీసివేసింది.

పది.

విడుదలల పట్టిక తెరిచింది. చుక్కలు. మరణాల పట్టికలో చుక్కలు. వేరే జైలుకి పంపినవాళ్ల పట్టికలో చుక్కలు. పదకొండుగురిలో ఒకరు తగ్గారు. లేదా ఇద్దరు పోయి ఒకరు వచ్చారు, ముగ్గురు పోయి ఇద్దరు వచ్చారు. మార్చిన పట్టికల్లోంచి ఒక మనిషిని బయటికి తీయడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ పని వాళ్లు బాగా చేశారు.

మంగళ, బుధవారాల్లో షీబా ఫోన్ చేసింది. పట్టిక ఇంకా రాలేదని సుహాసిని చెప్పింది. గురువారం జెండా పండగ, సెలవు. ఊరికి వెళ్లింది. షీబా డ్యూటీకి వెళ్లడానికి జడ వేసుకుంటోంది.

"పది" అంది సుహాసిని.

షీబా చెయ్యి జడ మీదే ఆగింది. "మునుపు పదకొండు గదా?"

"పదకొండు."

"ఎల్లినోడు ఎవులు?"

"తెలీదు."

"వదినా, మా వార్డులో ఒక మంచం ఖాళీ అయ్యిందంటే రిజిస్టర్లో రాస్తాం. ఇంటికెల్లినాడంటే డిశ్చార్జి, పోయినాడంటే డెత్తు. రెండూ ఒక్క గడిలో రాస్తే మా హెడ్ సిస్టరు సంపేస్తాది. ఆళ్లు రాయరేటి?"

"రాస్తారు. సూపించరు."

"మనోడైతే, వదిలీస్తే, ఫోను సేస్తాడు."

"సేస్తాడు."

"ఎన్ని రోజులకి సేస్తాడు?"

"ఆ పట్టిక జూలై నెలాఖరుది" అంది సుహాసిని. "ఇవాళ పదిహేనో తారీకు."

షీబా లెక్క వేసుకుంది. ఆమె పెదాలు కదలడం సుహాసిని చూసింది. నెలాఖరు లోపల వదిలితే కనీసం పదిహేను రోజులు గడిచినట్టే, ఫోను రాలేదు. అప్పలమ్మ లోపల్నుంచి, "ఏటర్రా, ఏటైనాది?" అని అరిచింది. షీబా జడ పూర్తిచేసి, బ్యాగు తీసుకుని బస్సుకి వెళ్లింది.

ఆదివారం ముగ్గురూ చర్చికి వెళ్లారు. వాళ్ల సంఘంలో వాక్య ప్రసంగానికి ముందు ఒక పద్ధతి ఉంది. జనం చీటీలు రాసి ఇస్తారు. పాస్టరుగారి భార్య రెండు పళ్లేలు పట్టుకుని బెంచీల మధ్య నడుస్తుంది. ఒకటి స్తోత్రాలకి, ఒకటి విన్నపాలకి. ఉద్యోగం వచ్చినా, జబ్బు నయమైనా స్తోత్రాల పళ్లెం. ఆపరేషను ఉన్నా, పిల్లాడు పరీక్ష రాస్తున్నా విన్నపాల పళ్లెం. పాస్టరు డేవిడ్‌రాజు వాటిని విడివిడిగా చదివి, విడివిడిగా ప్రార్థిస్తాడు. ప్రాణం పోయినవాళ్ల ఇంటివాళ్లు ఏ పళ్లెంలోనూ వెయ్యరు. లోపలికి రాగానే ఆయన చెవిలో చెబుతారు.

షీబా చీటీ రాసింది. ఇమ్మానుయేలు అని పేరు మాత్రం రాసింది. పాస్టరుగారి భార్య వాళ్ల బెంచీ దగ్గరికి వచ్చి ఆగింది.

షీబా సుహాసిని వైపు వంగి, "ఎందులో ఎయ్యను?" అని అడిగింది.

సుహాసిని పళ్లేల వైపు చూసింది. రెండిట్లోనూ చీటీలున్నాయి. విన్నపాల్లో ఎక్కువున్నాయి.

"సెప్పు వదినా. నీకు తెలుస్తాది గదా."

పాస్టరుగారి భార్య నిలబడే ఉంది. వెనక బెంచీలో ఎవరో చీటీ పట్టుకుని చెయ్యి చాచారు. అప్పలమ్మ కోడలి చేతిలో కాగితాన్ని చూస్తోంది, చదవడానికి కళ్లజోడు లేదు.

పళ్లేలు వెనక బెంచీకి వెళ్లాయి. షీబా చీటీని మడిచింది, ఇంకోసారి మడిచింది, గుప్పిట్లో పెట్టుకుంది. డేవిడ్‌రాజు స్తోత్రాల పళ్లెంలోంచి మొదటి చీటీ తీసి చదవడం మొదలుపెట్టాడు.